ఎండిన కొలనులో మనోబలం

ఈత పందేనికి మూడు కావాలి: నీళ్లు, ఈత, మనోబలం. పోటీలకు నెల ముందు కర్నూలులో మా కాలేజీ బోరు ఎండిపోవడంతో మొదటిది పోయింది. రెండోది నేను చిన్నప్పుడే కాలువలో నేర్చుకున్నాను. కాబట్టి కోచ్ సార్ మిగిలిన మూడోదాని మీద పడ్డారు.

ఒక పొద్దున మమ్మల్ని ఖాళీ ఈతకొలనులోకి దింపారు.

"ఏమప్పా, నీళ్లు లేవని మొగాలు అట్ల పెట్టుకోని ఉండారు? పందెం గెలిచేది నీళ్లలో కాదు, మనసులో. పండుకోని కండ్లు మూసుకోండి. నీళ్లుండాయనుకోండి."

"మునిగితే గూడా మనసులోనేనా సార్?" అన్నాడు కోడుమూరు నుంచి వచ్చిన నా హాస్టల్ మిత్రుడు.

"మునిగేదానికైనా ముందు మనసుండల్ల గదప్పా నీకు!"

వాడు నవ్వి, తువ్వాలు పరుచుకుని, కాసేపటికే గురక మొదలుపెట్టాడు. ఆ నెలంతా వాడి సాధన అదే.

నాకు మాత్రం అది నవ్వులాట కాదు. మొదటి ముగ్గురికి వచ్చే సర్టిఫికెట్ ఉంటే క్రీడల కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. నాది ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. మళ్లీ అవకాశం లేదు. అందుకే సార్ చెప్పిన వరుసను అక్షరం తప్పకుండా పాటించాను. దూకే దిమ్మె ఎక్కడం, కిందికి చూడటం, ఊపిరి పీల్చడం, వంగడం. ఆ తర్వాత దూకినట్టు ఊహించుకుని, మెట్ల మీదుగా దిగి, చేతులు ఆడిస్తూ అవతలి గోడ దాకా నడవడం. కొలనులో మూడో ఈతదారిలో రోజూ ఒక కుక్క పడుకునేది. ఊహలో దాన్ని కూడా ఓడించాను.

"ఏం సామీ, సిమెంటు మింద ఈదుతాండావు? మోకాళ్లు దోక్కపోతాయి, జాగ్రత్త!" అనేవాడు వాచ్‌మన్. మనోబలం గురించి అతనికేం తెలుసని జాలిపడేవాణ్ణి.

పోటీలు కడపలో జరిగాయి. ముఖ్య అతిథి వస్తున్నాడని అక్కడి వాళ్లు కొలనును తోమి, కొత్త నీళ్లు నింపారు. నేను పుట్టాక ఈదిన నీళ్లకు రెండే రంగులు: కాలువలో ఎర్రమట్టి రంగు, మా కొలను నిండిన రోజుల్లో పాచి రంగు. అడుగు కనిపించే నీళ్లలో ఎన్నడూ దిగలేదు. ఆ పూట గాలి లేక నీటి మీద చిన్న అల కూడా లేదు.

దిమ్మె ఎక్కాను. సాధన చేసినట్టే కిందికి చూశాను. పలకలు, వాటి మధ్య సందులు, నల్లగీత, అన్నీ స్పష్టంగా కనిపించాయి. నెల రోజుల పాటు సిద్ధమైన నా మనసు ఒక్కటే చెప్పింది: కింద సిమెంటు ఉంది, తల పగులుతుంది.

ఈల మోగింది. అందరూ దూకారు. నేను నిలబడ్డాను. తర్వాత తేరుకుని, ముక్కు పట్టుకుని, కాలువ గట్టు మీద నుంచి దూకినట్టు నిలువునా దూకాను. అవతలి గోడ తాకేసరికి నాది నాలుగో స్థానం. చేతి పొడవు తేడాతో మూడోవాడు మా గురక వీరుడు.

"దిమ్మె మింద బొమ్మ మాదిరి నిలబడితివేమప్పా?" అన్నారు సార్.

"నీళ్లు కనపల్లేదు సార్."

"ఎదురుగ్గానే ఉండె గదప్పా!"

"నెల నుంచీ లేవు గద సార్."

ఆయన తీర్పు చెప్పారు. "అయితే నీ మనసు ఇంగా సిద్ధం కాలేదు. నెల చాల్లేదు నీకు."

తిరుగు బస్సులో మిత్రుణ్ణి అడిగాను, కండ్లు మూసుకుని అన్నాళ్లూ ఏం ఊహించుకున్నావని.

"ఏమీ లేదురా. పొద్దున పూట ఆ గచ్చు శానా చల్లగా ఉండె. బాగా నిద్ర పట్టె." తన సర్టిఫికెట్ నా చేతిలో పెట్టాడు. "నాకు నిద్దరొస్తాంది. నువ్వు జాగ్రత్తగా పట్టుకో, నలుగుతాది."

కర్నూలు వచ్చేదాకా అది నలగకుండా పట్టుకున్నాను. వాడు నా భుజం మీద గురక పెడుతూనే ఉన్నాడు.