చెప్పినవారి పేరిట ఒక సంచి

జగదల్‌పూర్ బస్టాండు దగ్గరి జిరాక్సు దుకాణంలో కాగితం వేడివేడిగా చేతికి వచ్చినప్పుడల్లా నాకు భీమయ్య సార్ గుర్తుకొస్తారు. "ఏక్ హీ?" అని దుకాణదారు అడుగుతాడు. రెండు అంటాను. ఒక్క కాపీతో సరిపెట్టుకునే అలవాటును సార్ ఎప్పుడో మాన్పించారు.

మా ఊరు తర్లగూడలో మాకు అక్షరాలు దిద్దించిన మాస్టారు ఆయన. రిటైరయ్యాక ఊళ్ళోని కుటుంబాల చరిత్ర రాయడం మొదలుపెట్టారు. ఎవరి తాత ఎక్కడి నుంచి వచ్చాడు, ఎవరి ఆడపిల్లను ఏ ఊరికిచ్చారు, ఏ చేను ఎవరు చదును చేశారు అని ముసలివాళ్ళ పక్కన కూర్చుని అడిగి రాసేవారు. ఖాళీ యూరియా సంచులు కడిగి, చిన్నవిగా కుట్టి, కాగితాలు వాటిలో పెట్టి గోడ మేకులకు తగిలించేవారు. ఒక్కో సంచి మీద ఒక్కో పేరు. ఇంటిపేరు కాదు, ఆ సంగతి చెప్పిన మనిషి పేరు. కాలేజీ సెలవుల్లో ఆయనకు సాయం చేస్తూ, నాలుగు ముక్కలు చదివిన పొగరుతో సలహా ఇచ్చాను.

"ఇంటిపేర్ల వరుసన పెడితే వెతకడం సులువు కదా సార్?"

"సులువే బిడ్డా. గని చెప్పినోళ్ళు మాయమైతరు. రేపు అనుమానమొస్తే ఎవల్ని అడుగుతవు?"

రాసిందంతా భోపాల్‌పట్నం తీసుకెళ్ళి జిరాక్సు తీయించి, ఒక కాపీ చెప్పినవాళ్ళకే ఇచ్చేవారు. మా నాన్న అక్క సమ్మక్క అత్తకు ఇస్తుంటే నాకు నవ్వు ఆగలేదు. అత్తకు చదువే రాదు.

"మాట ఆమెది. ఆమె ఇంట్ల లేకుంటె ఎట్ల?" అన్నారు సార్.

చిక్కంతా ఆ కాగితంతోనే వచ్చింది. మా తాత ఈ ఊరివాడు కాడనీ, వాగవతలి పల్లె నుంచి ఇల్లరికం వచ్చి, అత్తవారి పొలంలో చాకిరీ చేస్తూ మాటలు పడ్డాడనీ అత్త చెప్పింది. ఆ మాట నేను నాన్నకు చెబితే అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "మా నాయన ఈ ఊరోడే! ఇల్లరికపోని కొడుకునా నేను?" ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నేనేమో వంశవృక్షం గీసి చుట్టాలందరికీ ఫోన్లో పంపే హడావిడిలో ఉన్నాను. అత్త సంచిలోని కాగితం తీసి, ఒకటిరెండు సార్లు పైపైన చూసి, నాన్న మాటకు అడ్డొస్తోందని పొయ్యిలో పెట్టాను. నేను కాల్చిన సంగతి విని అత్త మా గడప తొక్కడం మానేసింది.

సార్ ఖాళీ సంచి తడిమి చూశారు.

"కాల్చినవా?"

"తప్పు రాసి ఉంది సార్."

"తప్పా? మీ నాయనకు నచ్చలేదా?"

ఆయన తిట్టలేదు. ఖాళీ సంచిని మళ్ళీ మేకుకే తగిలించారు. మరుసటి వానాకాలంలో సార్ పోయారు.

కొన్నేళ్ళకు చెల్లెలికి నర్సింగులో సీటు వచ్చింది. వారం రోజుల్లో కులం సర్టిఫికెట్ ఇవ్వాలి. దానికి మిసల్ కావాలన్నారు, అంటే ముత్తాతల పేర్లున్న పాత భూమి రికార్డు. తర్లగూడ రికార్డులో మా తాత ఊసే లేదు. ఏ ఊళ్ళో వెతకాలో నాన్నకు తెలియదు. చెల్లెలు ఏడుస్తూ కూర్చుంది. సిగ్గు చంపుకుని ఊరి చివర అత్త ఇంటికి వెళ్ళాను. ఆమెకు నిన్నటి మాట ఇవాళ నిలవని వయసు వచ్చేసింది.

"తమ్ముడు వచ్చిండా?" అని ముందు అదే అడిగింది. నేను ఊరి పేరు అడిగాను. చీరల మడతలో నుంచి కాగితం తీసింది. "నా నోట నిలుస్తలేదు బిడ్డా. దీంట్ల ఉన్నది. సదువు."

చదివాను. వాగవతలి ఊరి పేరుంది, ముత్తాత పేరుంది. నేను కాల్చేటప్పుడు చదవని చివరి మాటలు కూడా ఉన్నాయి: 'నాయనను నలుగుర్ల ఇల్లరికపోడా అని పిలిస్తె, చిన్న తమ్ముణ్ణి చంకనేసుకొని చేన్లకు ఉరికేదాన్ని. ఆ మాట వాని చెవుల పడొద్దని.'

ఆ ఊరి రికార్డులో ముత్తాత దొరికాడు. చెల్లెలికి సర్టిఫికెట్ అందింది. ఆ సాయంత్రం కాగితం నాన్న చేతిలో పెట్టాను. కూడబలుక్కుంటూ చివరిదాకా చదివాడు. "అందుకా నాకు ఎరుక లేంది" అన్నాడు. చెప్పులైనా వేసుకోకుండా అక్క ఇంటికి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను. అత్త గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"ఏందిరా, ఒట్టి కాళ్ళతోని వచ్చినవ్? ముండ్లు గుచ్చుకుంటయి, లోపలికి రా" అంది, ఏళ్ళ తరబడి మాటల్లేవన్న సంగతే లేనట్టు. నాన్న ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నేను తప్పు చేసినప్పుడు సార్ చూశారు. దిద్దుకున్నప్పుడు లేరు. ఆ బాధ నాకు పోలేదు, పోవాలని కోరుకోను కూడా.