బూట్లు విప్పిన ఫుల్‌బ్యాక్

మొన్న గుమ్మం దగ్గర జారిపడి చీలమండ బెణికితే, ఆస్పత్రిలో ఒక అమ్మాయి పట్టీ చుట్టింది. కొత్త గుడ్డ వాసన, మడమ మీద ఆ బిగువు తగలగానే ఖాసిం భాయ్ చేతులు గుర్తొచ్చాయి. "నొప్పిగా ఉందా తాతా?" అని అడిగింది. "ఇంకా గట్టిగా లాగమ్మా" అన్నాను. నాకు మతి చెడిందనుకుందో ఏమో, డాక్టరును పిలుచుకొచ్చింది.

నలభైల నాటి మాట. అప్పట్లో అమీర్‌పేట ఊరి చివర ఉండేది. అక్కడి ఇనుప కార్ఖానాకు ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. ఆట వచ్చినవాళ్లను ఏరి నౌకరీ ఇచ్చేవారు. పొద్దున పని, సాయంత్రం ఆట. నేను గోల్‌కీపర్ని. నా ముందు అడ్డంగా నిలబడే ఫుల్‌బ్యాక్, జట్టు కెప్టెన్, ఖాసిం భాయ్. పంజాగుట్ట మనిషి, తలుపంత వెడల్పు. ఆడినన్నాళ్లూ ఒక్క గోల్ కొట్టలేదు. పొగడ్తలన్నీ ముందువరస వాళ్లకే పోతుంటే నాకు ఒళ్లు మండేది. "నీకేం అనిపియ్యదా భాయ్?" అని ఒకసారి అడిగాను. "గోల్ కొట్టినోని పేరు అందరికి ఎర్కనే. కొట్టనియ్యనోని పేరు అవతలి టీమోళ్లకు ఎర్క. నాకు గది మస్తు" అన్నాడు.

మేం ఉత్త కాళ్లతో ఆడేవాళ్లం. ఆటకు ముందు చీలమండలకు గుడ్డపట్టీలు చుట్టుకోవాలి. మా నాన్న దర్జీ కాబట్టి పట్టీలు నేను తెచ్చేవాణ్ని. చుట్టేది మాత్రం ఖాసిం భాయే. ఒక్కొక్కరి పాదం తన తొడ మీద పెట్టుకుని అందరికీ చుట్టి, చివర్లో తనకు చుట్టుకునేవాడు. కెప్టెన్ తొడ మీద కాలు పెట్టడానికి మొదట్లో నేను మొహమాటపడితే, "జర సీదా పెట్టు సత్తీ. పెండ్లిపిల్లవా?" అని గదమాయించాడు.

ఒక ఏడాది కప్పు ఫైనలుకు చేరాం. మేనేజరు ఉబ్బిపోయి అందరికీ తోలు బూట్లు కొనిచ్చాడు. పెద్ద పెద్ద అతిథులొస్తారు, ఉత్త కాళ్లతో కనబడితే కార్ఖానా పరువు పోతుందని. మేం చేసిన ఘనకార్యం వినండి. కొత్తవి మట్టి కొట్టుకుపోతాయని ఒక్కరం కూడా తొడగలేదు. రోజూ నూనె రాసి, గుడ్డలో చుట్టి దాచాం. తిన్నగా ఫైనలు రోజే వేసుకుని పంజాగుట్ట మైదానంలోకి దిగాం.

ఆ మొరం నేల మీద మేం జారిన తీరు ఏం చెప్పను! మడమలు బొబ్బలెక్కాయి. అవతలిది కంటోన్మెంటు సిపాయిల జట్టు, వాళ్లకు బూట్లు అలవాటే. విరామానికల్లా ఒక గోల్ కొట్టేశారు. అతిథులు నవ్వుతున్నారు. మేనేజరు వచ్చి, "బూట్లు ఇప్పినోడు రేపటి సంది పనికి రావద్దు" అని ఉరిమి పోయాడు.

ఖాసిం భాయ్ కింద కూచుని తాళ్లు విప్పసాగాడు. ఇంటినిండా పిల్లలు, ఆ ఒక్క జీతం.

"మీరు ఇప్పకుండ్రి. పోతే నా ఒక్కని నౌకరీ పోతది" అన్నాడు.

నాకు కళ్లు నిండాయి. అలవాటు కొద్దీ తెచ్చిన పట్టీలు సంచిలో ఉన్నాయి. బూట్లు విసిరేసి, పాదం ఆయన తొడ మీద పెట్టాను. "కట్టు భాయ్" అన్నాను. నా వెనక జట్టంతా వరస కట్టింది. అందరికీ చుట్టి, తనకు చుట్టుకునేలోగా ఈల మోగింది. పట్టీ లేకుండానే దిగాడు.

ఇక చూడాలి మా ఆట! నేల మళ్లీ మాదైంది. రెండు గోల్స్ కొట్టాం. చివర్లో వాళ్ల ఫార్వర్డు నా మీదికి దూసుకొస్తే ఖాసిం భాయ్ కాలు అడ్డం పెట్టాడు. ఎముకకు బూటు తగిలిన చప్పుడు నాకు వినబడింది. ఆయన కదల్లేదు. బంతి ఎగిరి నా చేతుల్లో పడింది. గెలిచాం!

మేనేజరు ఊగిపోతూ వచ్చాడు. "ఎవడు ఇప్పమన్నడు?"

"నేనే సాబ్. హుకుం నాది."

మేమంతా ఆయన పక్కకు చేరాం. అప్పటికే అతిథులు చప్పట్లు కొడుతూ మావైపే వస్తున్నారు. మేనేజరు వాళ్లవైపు తిరిగి పళ్లికిలించాడు. ఖాసిం భాయ్ రక్తం కారుతున్న కాలితోనే నిలబడి, "బూట్లు మంచిగున్నయ్ సాబ్. రేపు డ్యూటీకి ఏసుకొస్తం" అన్నాడు. అందరం వేసుకుపోయాం కూడా, కుంటుకుంటూ. ఎవరి నౌకరీ పోలేదు.

తర్వాత నేను ఆ కార్ఖానాలోనే మేస్త్రీనయ్యాను. పైవాళ్లకు ఎదురు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా, ముందు నా నౌకరీ ఒడ్డగలనా అని చూసుకున్నాను. ఒడ్డలేని రోజున నోరు మూసుకున్నాను. ఒడ్డగలిగిన రోజున ఒక్కణ్నే ముందుకు నడిచాను. అలా నడిచిన ఏ రోజూ, వెనక్కి తిరిగి చూస్తే నేను ఒక్కణ్నే లేను.