మా అత్త మోసిన నెలలు

మొన్న మంగళారం మా మనుమరాలు జనగామ దవాఖానకు పోయి వచ్చింది. దానికి మూడో నెల. వచ్చుడు వచ్చుడే సంచిలకెల్లి ఒక నల్లటి కాయిదం తీసి, "అమ్మమ్మా, గిదిగో, గింజంత ఉన్నది చూడు" అని నా ముంగట పెట్టింది. అద్దాలు పెట్టుకోని ఎటు తిప్పి చూసినా నాకు మొగులు పట్టినట్టే కనపడ్డది గని, పిల్ల మొకంల సంబురం చూసి "అబ్బో, అచ్చం నీ ముక్కే" అన్న. ఇంట్ల అందరు పడి పడి నవ్విండ్రు. ఒకలెనుక ఒకరు చుట్టాలకు ఫోన్లు చేసుడే పని. కడుపుతోని ఉన్నానని అది నోరార చెప్పుకుంటుంటే నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నాకా భాగ్యం లేకపాయె. నేను కడుపుతోని ఉన్న సంగతి బయటపడితే మా ఆయన పానం పోయే రోజులవి.

మాది బచ్చన్నపేట దిక్కు ఊరు. నాలుగెకరాల చెల్క, ఒక బర్రె, నేను, అత్త, మామ. నాకప్పుడు పదిహేడేండ్లు. మా ఆయన మొదలు దొరల మీద కొట్లాడే సంగంల తిరిగిండు, తర్వాత దళంల కలిసి అడివి పట్టిండు. దళపోళ్లను పట్టేటందుకు ఊర్ల మిలిటరీ క్యాంపు పడ్డది, అదీ మా ఇంటికి రెండిండ్ల అవతల. వారానికోసారి క్యాంపు పెద్ద జమేదారు మా వాకిట్లకు వచ్చి "నీ మొగడు వచ్చిండా?" అని అడుగుడు, నేను తల వంచుకోని "ఏడాది సంది మొకమే చూడలే" అనుడు. అసలు సంగతేందంటే, చలిజొరం పట్టుకోని మా ఆయన మా ఇంట్లనే వడ్ల గుమ్మి ఎనుక పది దినాలు దాక్కోని పోయిండు. అంబలి తాపింది నేను, కాళ్లు వత్తింది నేను. జొరం ఆయనకు, ఫలితం నాకు.

నెల తప్పిందని నాకంటే ముందు అత్తనే పసిగట్టింది. పొయ్యి మీద పుంటికూర ఉడుకుతుంటే నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్న. ఆమె ఒక్కసారి నా దిక్కు చూసింది. మరునాటి సంది ఇంట్ల పుంటికూర బంద్. పొద్దున లేస్తే కొట్టంలకు ఉరుకుడు, కక్కుడు. నేను కక్కినప్పుడల్లా ఆ సప్పుడు క్యాంపుకు ఇనపడకుంట అత్త బర్రెను పట్టుకోని గట్టిగ తిట్టేది. పాపం ఆ బర్రె, ఏ పాపం ఎరుగదు, రెండు నెలలు తిట్లు తిన్నది. వాన పడ్డ మన్ను వాసనకు నా పానం కొట్టుకునేది. గోడ పెల్ల గీరుకోని తింటుంటే అత్త చేతి మీద ఒక్కటేసి, "మన్ను తినకే పిల్లా, కావాలంటే చింతకాయ తెచ్చిస్త" అన్నది.

రెండో నెల దాటుతుంటే బట్ట మీద కొద్దిగ మైల కనపడ్డది. నా పైపానం పైన్నే పోయింది. ఎందుకంటే ఆయన అడివి పట్టకముందు ఒకటి గిట్లనే మొదలై మూడో నెలల పోయింది. అప్పుడు మంత్రసాని చేసేదేం లేదని చేతులెత్తేసింది. జనగామల ఒక డాక్టరమ్మ ఉన్నది, ఆమె చూస్తే నిలుస్తదని అందరు అనేటోళ్లు. గని ఊరు దాటాలంటే క్యాంపుల చీటీ రాయించుకోవాలె. ఎవరు పోతున్నరు, ఎందుకు పోతున్నరు, అన్నీ చెప్పాలె. ఏడాది సంది మొగని మొకం చూడనిదానికి కడుపెట్ల వచ్చిందంటే ఏం చెప్పాలె? చెప్తే ఆయన దొరుకుతడు, చెప్పకుంటే బిడ్డ దక్కది. మామ తల పట్టుకోని గడప మీద కూసున్నడు. "ఊకోరాదు, దేవుడున్నడు" అన్నడు. అత్త ఊకోలే. తల దువ్వుకోని, బొట్టు పెట్టుకోని, నన్నూ మామనూ ఎంట పెట్టుకోని సీదా క్యాంపుకు నడిచింది.

"కడుపుతోని ఉన్న. ఒంట్ల బాగలేదు. జనగామ దవాఖానకు పోవాలె, నా ఎంబడి కోడలొస్తది" అన్నది జమేదారుతోని. ఆమెకు నలబై దాటినయి, పాపిట్ల తెల్లెంటికలు. జమేదారు ఆమెను చూసిండు, ఎనుక నిలబడ్డ మామను చూసిండు, మీసాల కింద నవ్వుకుంట చీటీ రాసి ఇచ్చిండు. ఈ ఆలోచన అత్త మాకు ముందుగాల చెప్పనే లేదు. మామ సిగ్గుతోని సగమైండు. నెల దినాలు కల్లు మండువ దిక్కే పోలే. పోతే "ఏం మామా, ఇంక మస్తు పానం ఉన్నదే నీకు" అని ఒకటే ఆటపట్టించేటోళ్లు.

ఎడ్ల బండి మీద గడ్డేసి నన్ను పండుకోబెడితే అనుమానమొస్తదని, ఊరు దాటేదాక అత్తనే పండుకున్నది, నేను కూసున్న. దవాఖానకు పోయేసరికి మా క్యాంపు సిపాయే ఒకడు కాలికి పట్టీ కట్టించుకోను వచ్చి బెంచీ మీద ఉన్నడు. డాక్టరమ్మ చీటీల ఉన్న అత్త పేరు పిలిచింది. ఇద్దరం లోపలికి పోయినం. పరదా ఏసి, "ఎవరికమ్మా?" అన్నది. అత్త గొంతు తగ్గించి, "కాయిదం మీద నాకు, కడుపుల ఈమెకు" అన్నది. డాక్టరమ్మ కలం పట్టుకోని ఇద్దరి మొకాలు చూసింది. పరదా సందులకెల్లి బయటి సిపాయి దిక్కు చూసింది.

సబ్బుతోని చేతులు కడుక్కోని నన్ను బల్ల మీద పండుకోబెట్టింది. డాక్టరు చెయ్యి నా కడుపు మీద పడుడు అదే మొదలు. కండ్ల రెప్పలు ఎత్తి చూసింది, నాలుక చూసింది, కడుపు మెల్లగ వత్తింది. "ఎప్పుడు తలకు పోసుకున్నావు?" అంటే నాకు తేదీలు ఏడికెల్లి తెలుస్తయి? "ఇప్పపూలు రాలే నాడు" అన్న. ఆమె నవ్వి, తానే లెక్క కట్టుకున్నది. "భయపడకు తల్లీ, నిలుస్తది. మూడు నెలలు మంచం దిగకు" అన్నది. అప్పటిదాక పట్టుకున్న ఏడుపు ఒక్కసారి తన్నుకోని వచ్చింది. అత్త నా నోరు మూసి, తానూ ఏడ్చింది. బయటికి వచ్చినంక డాక్టరమ్మ సిపాయి ఇనేటట్టు అత్తను గట్టిగ కోప్పడ్డది, "ఈ వయసులో బరువులెత్తుతావా? మంచం దిగావంటే ఊరుకోను!" అత్త "తప్పైంది డాక్టరమ్మా" అని చెంపలేసుకున్నది.

ఇంక చూడాలె మా ఇంటి తమాషా. పండుకోవాల్సింది నేను, ఊరికి కనపడాల్సింది అత్త. పగటిపూట నడుము వాల్చుడు ఎరుగని మనిషి, వాకిట్ల మంచమేసుకోని క్యాంపోళ్లు పోయినప్పుడల్లా "అయ్యో, అమ్మో" అని మూలిగేది. నేను లోపల అర్ర చీకట్ల పండుకోని నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని. బాయి నీళ్లు మామ మోసిండు, జొన్నలు మామ దంచిండు. ఒకనాడు జమేదారే వచ్చి, "ఆమెను బాగ చూస్కో" అని మామను గదమాయించిండు. మా వాడకట్టు ఆడోళ్లకు అసలు సంగతి ఎరుకైందని నాకు శానా ఏండ్లకు తెలిసింది. ఒక్కరన్న నోరు జారలే.

నాకు కడుపు కనపడే యాళ్లకు, అత్త పురుడుకని చీటీ రాయించుకోని నర్మెట్టల ఉన్న ఆమె అక్క ఇంటికి పోయినం. ఆడ నాకు ఆడబిడ్డ పుట్టింది. మళ్ల ఊర్లకు వచ్చినప్పుడు పిల్ల అత్త చేతులల్ల ఉన్నది, నేను సంచి పట్టుకోని ఎనుక నడిచిన. తలుపేసుకోని పాలిచ్చుడు, తలుపు తీసి అత్తకు ఇచ్చుడు. పిల్లకు మాటలొచ్చినయి. మా దిక్కు అవ్వ అంటే కన్నతల్లే. అది అత్తను "అవ్వా" అన్నది. నన్ను "వదినే" అన్నది. ఎంత కడుపుకోతనో ఎవరికి చెప్పుకుందు? కొన్ని దినాలు అత్త మీద కోపమొచ్చేది. ఆమెను చూస్తెనే మండేది.

ఆకరుకు పట్టుబడి కొన్నాళ్లు జైల్ల ఉన్న మా ఆయన, పోరాటం ఆగినంక ఇంటికి వచ్చిండు. అప్పటికి పిల్లకు రెండేండ్లు నిండినయి. ఆ పొద్దే అత్త పిల్లను తెచ్చి నా ఒడిల కూసోబెట్టి, "గీమెనే మీ అవ్వ, బిడ్డా. నేను నీ నాయినమ్మను" అన్నది. పిల్ల కేరుమని ఏడ్చి మళ్ల ఆమె మెడకే చుట్టుకున్నది. అత్త ఆ చేతులు ఒక్కొక్కటి ఇడిపించి, కొట్టంలకు పోయి గడ్డి సదురుకుంట నిలబడ్డది. ఇట్ల నెల దినాలు చేసింది. ఒకనాడు పిల్ల బువ్వ తినుకుంట నా దిక్కు చూసి "అవ్వా, నీళ్లు" అన్నది. నేనూ అత్తా ఇద్దరం ఒక్కసారే లేచినం. అత్త మళ్ల కూసున్నది. కొంగు మొకానికి అడ్డం పెట్టుకున్నది.

ఆ పిలుపు కోసం కండ్లల్ల వత్తులేసుకోని చూసినదాన్ని, అది వచ్చిన గడియల నా సంబురం నాదే గని, ఆమె కొంగు ఎనుక ఏమున్నదో చూడలే. ఇయ్యాల అత్త లేదు, నాకు ఆమె కంటే ఎక్కువ వయసొచ్చింది. ఆనాడు మా ఇంట్ల ఒక బిడ్డకు తల్లి దొరికిందనే అనుకున్న. ఒక తల్లికి బిడ్డ పోయిందని తెలిసేసరికి ఇన్నేండ్లు గడిచిపోయినయి.