ఒక లంబకోణం తక్కువైన డెమో క్లాసు

మదనపల్లెలో నేను చెప్పిన మొదటి డెమో క్లాసు కథ ఇది. తెల్లబట్టలు వేసుకున్నవాళ్ళు కాస్త దూరంగా జరిగి చదవండి.

బి.ఇడి. ముగించి పుంగనూరులో ఇంట్లో కూర్చుని ఏడాదైంది. అన్నం వడ్డిస్తూ కూడా అమ్మ ఉద్యోగం మాటే ఎత్తేది. అప్పుడు మదనపల్లెలో ఒక ప్రైవేటు బడి నుంచి పిలుపొచ్చింది. పదో తరగతికి పాఠం చెప్పి చూపించాలి, నచ్చితే ఉద్యోగం. పాఠం వృత్తానికి గీసిన రెండు స్పర్శరేఖల మధ్య కోణం.

బోర్డు మీద గీస్తే నా గొప్పేముంది? మా వీధిలో వెల్డింగు చేసే ఖాదర్ భాయ్ దగ్గరికి పరిగెత్తాను. ‘వి’ అక్షరంలా ఇనుప స్టాండు, అందులో అడ్డంగా పడుకోబెట్టిన పెయింటు డబ్బా. డబ్బా వృత్తం, రెండు కమ్మీలూ స్పర్శరేఖలు. కేంద్రం దగ్గర వ్యాసార్థాల మధ్య నూట ఇరవై డిగ్రీలు, కాబట్టి కమ్మీల మధ్య నూట యాభై అని కాగితం మీద రాసిచ్చాను.

భాయ్ కాగితాన్ని రెండుసార్లు చూశాడు. “ఇది చేట మాదిరి ఉండాదప్పా. డబ్బా నిలబడదు.”

“లెక్క తప్పదు భాయ్.”

పాపం, బరువని ఆయనే స్టాండు మోసుకుంటూ నాతోపాటు బస్సెక్కి, క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నాడు. ముందు బెంచీలో తెల్లచీరలో ప్రిన్సిపాల్ మేడమ్.

“ఎంత నెట్టినా కదలదు” అంటూ నేను డబ్బాను నెట్టాను.

కదిలింది. కమ్మీ ఎక్కి, బల్ల దాటి, మూత ఊడగొట్టుకుని మేడమ్ ఒళ్ళో పడింది. గేట్లకు వేసే నీలం రంగు. నలభైమంది పిల్లలు బెంచీలెక్కి చూశారు.

ఖాదర్ భాయ్ లేచి వచ్చి చాక్‌పీసు తీసుకున్నాడు. “సూడండి పిల్లోళ్ళా. నడిమధ్య నుంచి కమ్మీ ఆనిన సోటికి గీత గీస్తే ఆడ తొంభై మూలమట్టం కూసుంటాది. ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి. సారు ఒక మూలమట్టం మర్సిపోయినాడు. కమ్మీల నడుమ అరవై రావాల.”

నిజమే. ఆ రెండు గీతలూ రెండు కమ్మీలూ కలిస్తే చతుర్భుజం; దాని మూడొందల అరవైలోంచి ఒక తొంభై తీసేసి రెండోదాన్ని వదిలేశాను. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, నా చతుర్భుజానికి ఒకటే లంబకోణం.

మేడమ్ నీలం చేతులు తుడుచుకుంటూ అన్నారు, “ఇప్పుడర్థమైంది. భాయ్, మీరు సోమవారం నుంచి వస్తారా?”

గేటు పనుందని ఆయన రాలేదు. నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు కుప్పంలో లెక్కలే చెబుతున్నాను. కంపాసు పెట్టె మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ప్రాణం పోయినా సరే, చేత్తో పని చేసేవాడు నిలబడదన్నదాన్ని ఇంకెప్పుడూ నెట్టి చూడను.