ప్రొఫెసర్‌గారిని వాక్యానికి పిలిచిన సాయంత్రం

కృపగల తండ్రికి స్తోత్రం. మోకాళ్లు వంగకపోయినా నా నోట ఇంకా ఆయన నామం పలకనిస్తున్నందుకు మహిమంతా ఆయనకే.

మొన్న మా అబ్బాయి తను ఉండే బేసింగ్‌స్టోక్ నుంచి ఫోన్ చేసి, మేము ఒకప్పుడు వెళ్లిన పాత యూనివర్సిటీలో చిత్రకళ విభాగం మూసేస్తున్నారని, దానితోపాటే ఊరందరి కోసం పెట్టే సాయంత్రపు ఉపన్యాసాలూ ఆగిపోతున్నాయని చెప్పాడు. వాళ్ల నాన్న పోయినప్పుడు కూడా వాడిలో నేను వినని గొంతు అది.

అప్పుడూ ఇప్పుడూ నేను ఇక్కడ ఇంగ్లీషువాళ్ల దేశంలో, ఈస్ట్ హామ్‌లోనే ఉన్నాను. అప్పట్లో మా ఆయన ఆసుపత్రిలో నర్సు, నేను కేర్ హోమ్‌లో, ఎవరి డ్యూటీ రోటా వాళ్లది. ఆదివారం ప్రార్థనకు మా తెలుగు సహవాసానికి తీసుకెళితే పిల్లవాడికి ప్రసంగం సగం అర్థమయ్యేది కాదు, కుర్చీ కింద కాళ్లు ఊపుతూ కూర్చునేవాడు. వీడు దేవునికి దూరమైపోతాడేమోనని నాకు ఒకటే దిగులు. కేర్ హోమ్‌లో నేను చూసుకునే ఒక పెద్దావిడ, విక్టోరియా రాణి కాలంనాటి ఆ యూనివర్సిటీలో బైబిల్ చిత్రాల గురించి ఉచితంగా చెబుతున్నారని చెప్పగానే, దేవుడే దారి చూపాడనుకున్నాను.

ముగ్గురం వెళ్లాం; హాల్లో మెట్లు మెట్లుగా చెక్క బల్లలు, ఎదురుగా తెర. ఎడారిలో హాగరు, మంట దగ్గర చలి కాచుకుంటున్న పేతురు ఆ తెర మీద కనబడుతుంటే, ప్రొఫెసర్‌గారు పుస్తకం తెరవకుండానే వచనాలు అప్పజెప్పేవారు. మా ఆయన మాత్రం గుడిలో కూర్చున్నట్టే బైబిలు ఒళ్లో పెట్టుకుని, ప్రతి వచనం వెతికి ఎర్ర పెన్సిలుతో గీత గీసేవారు. మా వాడు రెప్ప వేయకుండా వినేవాడు. నా దిగులు తీరిందనుకున్నాను.

ఆఖరి ఉపన్యాసం అయ్యాక, ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగితే మా ఆయన లేచి, ప్రైజ్ ద లార్డ్ చెప్పి, వచ్చే ఆదివారం మా సహవాసానికి వచ్చి వాక్యం అందించాలనీ, భోజనానికి చికెన్ బిర్యానీ ఉంటుందనీ ఆహ్వానించారు. హాలంతా నవ్వింది. ప్రొఫెసర్‌గారు మాత్రం నవ్వకుండా మా బల్ల దాకా వచ్చి, తనకు దేవుడి మీద నమ్మకం లేదనీ, ఈ చిత్రాలంటే మాత్రం ప్రాణమనీ మెల్లగా చెప్పారు.

బస్సులో మా ఆయన బైబిలు తెరిచి, తాను గీసిన ఎర్ర గీతలన్నీ మళ్లీ చూసుకున్నారు. చివరికి, "అదేందే, మన పాస్టరుగారి కంటే బాగా చెప్పాడు గదా, నమ్మకపోతే ఎట్టా?" అన్నారు. అయితే నమ్మకుండా కూడా దీన్ని ప్రేమించవచ్చా డాడీ అని పిల్లవాడు ఇంగ్లీషులో అడిగాడు. "నోరుమూసుకుని దిగు, స్టాప్ వచ్చింది" అన్నారు ఆయన.

వాడు ఆ ప్రశ్న వదల్లేదు. పెద్దయ్యాక సహవాసానికి రావడం మానేసి, ఒక్కడే ఆ ఉపన్యాసాలకు వెళ్లేవాడు. వాళ్ల నాన్న పోయే ముందు చేసిన ఆఖరి ప్రార్థనకు వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు గాని, కళ్లు మూసుకోలేదు.

"ఇంక నాకు వెళ్లడానికి చోటు లేదు మమ్మీ" అన్నాడు మొన్న. ఆదివారం నా దగ్గరికి రా నాయనా, మందిరం తెరిచే ఉంటుందన్నాను. "ఇట్స్ నాట్ ద సేమ్, మమ్మీ" అన్నాడు, నన్ను నొప్పించకుండా.

మా సహవాసంలో ఇప్పుడు తల నెరిసిన వాళ్లమే మిగిలాం. ఆనాటి పిల్లలు పెళ్లిళ్లకు కనబడితే కనబడినట్టు. నా బిడ్డ మోకరించడం ఈ కళ్లతో చూస్తానన్న ఆశ నాకు దాదాపు పోయింది. అడగడం మాత్రం మానలేను. మీ ఇళ్లలోనూ ఇలాంటి బిడ్డలుంటారు. మీ వాళ్ల కోసం ప్రార్థించేటప్పుడు నాతో కలిసి వాడినీ తలుచుకోండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, ఈస్ట్ హామ్‌లో ఒక విధవరాలి కొడుకంటే దేవునికి తెలుస్తుంది.