రూతు రాసిన నా పరీక్ష

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! మెట్రిక్ పాసైన వేసవిలోనే మశూచి వచ్చి నా రెండు కళ్లూ పోయాయి, మా కరీంనగర్‌లో నన్ను చూసి జాలిపడనివారు లేరు, చదివించేవారూ లేరు! నా చెల్లెలు రూతు మాత్రం మగ్గం చప్పుడుకు మించి గొంతెత్తి కాలేజీ పాఠాలు చదివి వినిపించేది, కష్టమైన పాఠం వస్తే నేతపని చేసే మా నాన్న, బాపు, మగ్గం ఆపేవాడు, ఆగిన మగ్గానికి కూలి రాదని మీకు తెలుసు.

మెట్రిక్ తరువాత పి.యు.సి.లో చేరి, పరీక్షలో నేను చెబితే రాసిపెట్టే మనిషి కావాలని ఏడాది పొడుగునా కాలేజీ పెద్దసారును అడిగాను. పరీక్షనాడు గేటు దగ్గర, "ఆర్డరు రాలే. గుడ్డోనికి కాలేజీ సదువేందయ్యా, చర్చిల పాటలు పాడుకోరాదు?" అని నలుగురిలో నవ్వాడు.

"పాటలు గూడ పాడుత సార్, ముందు పరీక్ష రాయనియ్యి" అన్నాను. గేటు మూశారు. లోపల గంట కొట్టడం విని గోడకింద కూర్చుని ఏడ్చాను. "ప్రభువా, కళ్లు అడుగుతలే, రాసేటందుకు ఒక్క చెయ్యి ఇయ్యి!" అని మొరపెట్టాను. ఆ సారును క్షమించమని మన చర్చి అయ్యగారు చెప్పారు, క్షమించాను, మరచిపోలేదు.

మరుసటి ఏడు అనుమతి వచ్చింది, దేవునికే మహిమ! కానీ రాసిపెట్టేవారు మెట్రిక్ దాటి చదవకూడదని షరతు పెట్టారు. మా వాడలో అంత చదివినవాళ్లే తక్కువ, చదివినవాళ్లు పైచదువులకో ఉద్యోగాలకో పోయారు, ఎన్ని గడపలు తొక్కినా ఒక్కరూ దొరకలేదు. రూతు అప్పుడే మెట్రిక్ పాసై ఉంది, పి.యు.సి.లో సీటు కూడా వచ్చింది.

"నేను రాస్త అన్నా" అంది.

"మరి నీ సీటు?"

"నీ పరీక్షలైనంక చూద్దాం. జర అవ్వకు చెప్పకు, కన్నతల్లి గద, ఏడుస్తది."

పరీక్ష గదిలో అదే సారు ఆమెను నిలబెట్టి, "ఎంత చదివినవమ్మా?" అని అడిగాడు.

"మెట్రిక్ సార్. గంతే."

"పైకి చదువలే?"

"లే సార్."

"మంచిది, కూసో" అన్నాడు. సహోదరులారా, ఆ "మంచిది" నా చెవిలో ఈనాటికీ ఉంది! నేనడిగిన చెయ్యి దేవుడు ఇచ్చాడు, అది ఎవరి చెయ్యో అప్పుడు అర్థమైంది, "చెప్పు అన్నా, టైం పోతది" అని ఆమె గుసగుసలాడింది, మొదటి జవాబు చెప్పాను.

బి.ఏ. అయ్యేదాకా ప్రతి ఏడూ రూతే రాసింది. నేను పాసయ్యాను, పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగం ఇచ్చాడు దేవుడు, స్తోత్రం! ఆమె సీటు మాత్రం పోయింది, బెల్లంపల్లిలో బొగ్గుబావి కార్మికునికి ఇల్లాలైంది. "నీకు నౌకరీ వచ్చింది గద అన్నా, నాకు గదే చాలు" అంటుంది. నాకు చాలదు. ప్రభువుకూ చాలదని నమ్ముతున్నాను.

మీలో ఎవరినైనా మనుషులు బయటికి నెట్టేస్తే ఆయన దగ్గరికి రండి, మీ ఫిర్యాదు ఆయనకే చెప్పండి, మళ్లీ మళ్లీ చెప్పండి, ఆయన విసుక్కోడు! నేను రోజూ చెబుతూనే ఉన్నాను. ఈ పూట మీరూ కళ్లు మూసుకుని నాతో కలిసి అడగండి: ప్రభువా, మా రూతును చదివించు.