నాకు పనిచేసిన మాత్ర

కువైట్‌లో తమ్ముడి గదికి వెళ్లినప్పుడు, అతనితో ఉండే కోనసీమ మెకానిక్ సత్తిబాబు నడుంనొప్పితో మెలికలు తిరుగుతున్నాడు. ఆ గదిలో ఎవరు తెచ్చిన మందులైనా అందరివీ. ఊరినుంచి వచ్చిన మాత్రలన్నీ ఒకే బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. నాకు బాగా పనిచేసే నొప్పిమాత్ర అతనికిచ్చాను. మర్నాడు అతను పనిచేసే షువైఖ్ ప్రాంతపు గ్యారేజీలో కళ్లు తిరిగి పడి, చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

నేను తల దించుకుంటే, కట్టు కట్టిన చేత్తో అతనే ఓదార్చాడు.

"మీ తప్పేంటండి? మా తాత నాటువైద్యుడండి. నొప్పులకి గంజాయాకు లేహ్యం ఇచ్చేవోడు. ఆ ఆకుల్లోనే రకాలుంటాయండి. ఒకడికి నిద్దరట్టించే రకం ఇంకోడికి గుండెదడ తెప్పిస్తది. అందుకే మనిషిని గంటసేపు అడిగిగానీ మందు నూరేవోడు కాదండి. ఇయ్యన్నీ తెలిసీ నేనే మింగేశాను."

మాత్ర ఇస్తూ నేనతన్ని అడిగింది ఒక్కటే, నీళ్లున్నాయా అని.